రెండు బంతుల నడిమి కాలము

1975వ సంవత్సరమున వింబుల్డన్ కోర్టులలో ఆటగాండ్రకు కుర్చీలు వేసిరి. అంతకు ముందు 98 సంవత్సరములుగా ఆ పచ్చికపై ఆడినవారందరును, ఒక వైపునుండి మరియొక వైపునకు మారునప్పుడు, అంపైరు ఎత్తుపీఠము చెంత క్షణకాలము నిలుచుండి, గ్రుక్కెడు నీళ్ళు త్రాగి, నుదుటి చెమట తుడుచుకొని మరల ఆటకు పోవుచుండిరే కాని కూర్చుండి యెరుగరు. ఆటల చరిత్రలు వ్రాయువారు ఎవరు గెలిచిరి, ఎవరు ఓడిరి, ఎన్ని సెట్లలో, ఎన్ని గేములలో అను లెక్కలను ఓపికతో కూర్తురు గాని, ఈ కుర్చీలను గూర్చి ఒక పంక్తికి మించి వ్రాయరు. అయినను, టెన్నిసు ఆటలో భయము ఏయే రూపములు దాల్చెనో, దానిని ఎవరెట్లు లొంగదీసికొనిరో తెలిసికొన గోరువారికి ఆ రెండు కుర్చీలకంటె మంచి సాక్షులు దొరకరని నా తలంపు.

భయమనగా ఇచట ప్రాణభయమని అర్థము కాదు. మనవారు సభాకంపమని పేరు పెట్టిన ఆ వికారమే ఇది. గొంతు తడి యారును. అరచేయి చెమర్చి రాకెట్టు పిడి జారును. మోకాళ్ళలోని సత్తువను ఎవరో తోడివేసినట్లుండును. నిన్నటి సాయంకాలము కన్నులు మూసికొని కొట్టిన దెబ్బ నేడు నెట్టుకు తగులును. సభలో ఉపన్యసించువానికి, రంగస్థలమున తొలి పద్యమెత్తుకొను నటునికి, ప్రశ్నపత్రము చేతబట్టిన విద్యార్థికి ఈ బాధ క్రొత్తది కాదు. కాని వారికొక సౌకర్యము కలదు: పని మొదలిడినంతనే ఆ పనియే భయమును మ్రింగివేయును; రాగము శ్రుతిలో పడిన పిమ్మట నటునికి తన కాళ్ళు వణకిన సంగతియే జ్ఞప్తి యుండదు. టెన్నిసు ఆటగానికి ఈ సౌకర్యము లేదు. ఆ ఆట మొదలిడిన క్షణమునుండియు ఆగుచునే యుండును. మూడు గంటల పోరులో బంతి నిజముగా అటునిటు తిరుగు కాలము నాలుగవ వంతునకు మించుట అరుదు. తక్కిన కాలమంతయు బంతిని ఏరుకొనుట, గీత యొద్దకు నడచుట, తువాలు నందుకొనుట, ఎదుటివాడు సిద్ధపడువరకు నిరీక్షించుట. ఒక్కొక్క బంతి ఒక్కొక్క ప్రారంభము. ప్రారంభములెన్నో సభాకంపమునకు ద్వారములన్ని. ఈ నడిమి కాలమును ఎవరెవరు దేనితో నింపిరో చెప్పినచో, ఈ ఆటయందలి మనోధైర్యపు చరిత్రను చెప్పినట్లే.

ఆ కాలమునకు అంత బరువు వచ్చుటకు మూలము 1877వ సంవత్సరపు ఒక నిర్ణయమున నున్నది. 1874లో మేజర్ వాల్టర్ క్లాప్టన్ వింగ్‌ఫీల్డ్ పేటెంటు పొంది పెట్టెలలో అమ్మిన పచ్చిక టెన్నిసున లెక్క సులభముగా నుండెను: సర్వీసు చేయువాడే పాయింటు పొందును, 15 పాయింట్లతో గేము ముగియును. మూడేండ్ల పిమ్మట ఆల్ ఇంగ్లండ్ క్లబ్బువారు వర్పుల్ రోడ్డు మైదానమున తొలి పోటీ జరుప నెంచి, హెన్రీ జోన్స్ మొదలైన ముగ్గురికి నియమరచనను అప్పగింపగా, వారు ఆ లెక్కను త్రోసిపుచ్చి, రాజగృహములందు నాలుగు గోడల నడుమ ఆడుచుండిన ప్రాచీన టెన్నిసునుండి 15, 30, 40 అను వింత గణనమును, డ్యూసును, అడ్వాంటేజిని తెచ్చి నిలిపిరి. దాని ఫలితమును వారూహించిరో లేదో కాని, ఆధిక్యమును కూడబెట్టుకొనుటకు వీలులేని ఆట యొకటి ఆనాడు రూపొందెను. ఫుట్‌బాలున రెండు గోలుల ఆధిక్యముగలవాడు గడియారమువంక చూచి ధైర్యము తెచ్చుకొనవచ్చును. క్రికెట్టున కూర్చిన పరుగులు కూర్చినట్లే యుండును. టెన్నిసున మాత్రము ప్రతి గేమును శూన్యమునుండి మొదలు, చిట్టచివరి పాయింటును తన చేతితో తాను గెలిచిననేగాని గెలుపు లేదు. కాలము గడచినంత మాత్రమున ఓటమి తప్పిపోదు, గెలుపు రాదు. దీనికి తోడు సర్వీసునకు రెండు బంతుల అనుమతి యొకటి. మొదటి బంతి తప్పినవాడు రెండవ బంతిని నేలపై తట్టుచు నిలుచుండు ఆ రెండు మూడు క్షణములలో ఈ ఆటలోని భయమంతయు మూర్తీభవించి యుండును.

ఆ తొలి పోటీకి 22 మంది పేర్లిచ్చిరి. తుది ఆటను చూచుటకు తలకొక షిల్లింగు చెల్లించి ఇంచుమించు 200 మంది వచ్చిరి. స్పెన్సర్ గోర్ అను క్రికెట్టు, రాకెట్సు ఆటల ప్రవీణుడు విలియం మార్షల్‌ను 6-1, 6-2, 6-4తో గెలిచెను. ఆ తరమువారి దృష్టిలో భయమును గూర్చి మాటలాడుటయే అమర్యాద. ఓడినవాడు చిరునవ్వుతో కరచాలనము చేయవలెను. గెలిచినవాడు గెలుపు తన తప్పన్నట్లు తలవంచుకొనవలెను. లోపల గుండె ఎట్లు కొట్టుకొనినను పైకి కాలరు నలుగరాదు. నేడు చర్చి రోడ్డునందలి సెంటర్ కోర్టులోనికి ఆటగాండ్రు ప్రవేశించు వాకిటిపై రుడ్‌యార్డ్ కిప్లింగ్ పద్యమునందలి రెండు పాదములు వ్రాయబడియున్నవి. జయాపజయములను ఒక్కతీరుగా చూడుమని దాని భావము. భగవద్గీతలోని స్థితప్రజ్ఞుని ఎరిగిన మనకు ఆ ఉపదేశము పరాయిది కాదు. అయితే స్థితప్రజ్ఞుడగుట ఎట్లో గీత సాధనమార్గముగా చెప్పినది; విక్టోరియాకాలపు దొరలో, సాధన సంగతి యెత్తక, ఫలితమును మాత్రమే మర్యాదగా విధించిరి. కావున వారి నడిమి కాలమున మౌనముకంటె మరేమియు లేకుండెను.

ఆ మౌనమును మొదట భంగపరచినది ఫ్రాన్సు దేశపు యువతి. సుజాన్ లెంగ్లెన్‌కు తండ్రి షార్ల్ కోర్టులో చేతిరుమాళ్ళు పరచి, బంతిని సరిగా వానిపైననే పడునట్లు కొట్టించి గురి నేర్పెను. 1919లో, 20 సంవత్సరముల వయస్సున, ఆమె తొలిసారి వింబుల్డన్‌కు వచ్చి తుదివరకు చేరెను. ఆ కాలపు నియమము ప్రకారము క్రిందటి విజేత పోటీలో తిరుగక, అందరిని గెలిచి వచ్చినవారితో చివర ఒక్క ఆట మాత్రమే ఆడును. అట్లు వేచియున్న డొరొథియా లాంబర్ట్ చేంబర్స్‌కు 40 సంవత్సరములు, ఏడుమార్లు విజేత, ఆమె తుది గెలుపు 1914 నాటిది కాగా, మహాయుద్ధము కారణమున ఐదేండ్లు ఆ కిరీటముతో నిరీక్షించినది. ఐదవ జార్జి చక్రవర్తియు రాణియు చూచుచుండ జరిగిన ఆ పోరులో చెరియొక సెట్టు గెలిచిన పిమ్మట, మూడవ సెట్టున చేంబర్స్ 6-5, 40-15 వద్ద రెండు మ్యాచ్ పాయింట్లు చేజిక్కించుకొనెను. మొదటిదానివద్ద లెంగ్లెన్ కొట్టిన బంతి రాకెట్టు కొయ్యకు తగిలి, ఎట్టులో నెట్టు దాటి ఆవల పడెను. ఆట 10-8, 4-6, 9-7తో లెంగ్లెన్ వశమాయెను. అలసి సొలసిన నడిమి క్షణములందు ఆమె త్రాగినది నీళ్ళు కావు. తండ్రి ప్రేక్షకులలోనుండి అందించిన బ్రాందీ. బ్రాందీలో తడిపిన చక్కెర బిళ్ళలు ఆ తండ్రీకూతుండ్ర సరంజామాలో నిత్యవస్తువులు.

దీనిని విని నేటివారు నవ్వవచ్చును. కాని భయమను వస్తువు ఒకటి కలదని, దానికి మందు కావలెనని బహిరంగముగా ఒప్పుకొనిన మొదటి మహాక్రీడాకారిణి ఆమెయే. ఆ మందు ఎంతవరకు పనిచేయునో 1921లో అమెరికా పోటీలలో తేలెను. ఫారెస్ట్ హిల్స్‌లో మొల్లా మలరీతో మొదటి సెట్టు 2-6తో ఓడి, రెండవ సెట్టు మొదటి గేములోనే దగ్గుచు, కన్నీరు కార్చుచు ఆమె ఆట విరమించెను. అమెరికాలో అప్పుడు మద్యనిషేధము అమలునందుండెను. ఆమె దగ్గుతో బాధపడుచుండెననుటయు సత్యమే. అయినను పత్రికలవారు వ్యాధిని విడిచి పిరికితనమునే పట్టుకొని ఎగతాళి చేసిరి. శారీరకమైన పీడ ఎచట ముగిసి మానసికమైనది ఎచట మొదలిడునో రోగికే తెలియనప్పుడు చూచువారికేమి తెలియును?

ఇక 1926 ఫిబ్రవరి 16వ తేదీ. ఫ్రాన్సు దక్షిణతీరమున, కాన్ పట్టణపు కార్ల్‌టన్ క్లబ్బు కోర్టున లెంగ్లెన్ ఎదుట హెలెన్ విల్స్ నిలిచినది. ఒకరికి 26, మరియొకరికి 20 సంవత్సరములు. స్థలము చాలక జనులు చుట్టుప్రక్కల ఇండ్ల కప్పులపైకిని, చెట్లపైకిని ఎక్కిరి. మొదటి సెట్టు 6-3తో లెంగ్లెన్‌ది. రెండవ సెట్టున 6-5, 40-15. ఒక్క పాయింటు చాలును. విల్స్ బలముగా మూలకు కొట్టిన బంతి పడినంతనే "అవుట్" అను కేక వినబడెను. లెంగ్లెన్ నెట్టు కడకు నడచి చేయి కలిపెను. ఫోటోలు తీయువారు, పూలగుత్తులవారు కోర్టులోనికి చొచ్చుకొనివచ్చిరి. అంతలో గీతను కాచుచున్న లైన్స్‌మన్ అంపైరు నొద్దకు వచ్చి, ఆ కేక తనది కాదనియు, ప్రేక్షకులలో ఎవరో అరచిరనియు, బంతి లోపలనే పడినదనియు చెప్పెను. అందరిని కోర్టునుండి పంపివేయవలసి వచ్చెను. గెలిచితినని ఊపిరి వదలిన దేహమును మరల బిగించి, పూలు చేతబట్టిన చేతితో మరల బంతిని పట్టి, అదే గీత యొద్ద నిలువవలెను. ఈ ఆట మనిషికి పెట్టు పరీక్షలలో ఇంతకంటె క్రూరమైనది వేరొకటి నేనెరుగను. ఆ గేము ఆమె చేజారెను. లెక్క 6-6 ఆయెను. అయినను ఆమె అరవలేదు, వాదింపలేదు. తరువాతి రెండు గేములు గెలిచి, 8-6తో ముగించి, ఆ పూలగుత్తుల నడుమ కూలబడి వెక్కివెక్కి ఏడ్చెను. భయము పోలేదు, ఆట ముగియువరకు దానిని ఆపియుంచెను, అంతే.

ఓడిన విల్స్ మార్గము దీనికి పూర్తిగా విరుద్ధము. తెల్లని నొసటికప్పు క్రింద ఆమె ముఖము గెలుపునను ఓటమినను ఒక్క రేఖయు కదలక యుండెడిది; పేకాటలో చేతిముక్కలను ముఖమున తెలియనీయని జూదరితో పోల్చి పత్రికలవారు ఆమెకు ముద్దుపేరు పెట్టిరి. ఆ ముసుగుతోనే ఆమె ఎనిమిదిమార్లు వింబుల్డన్ గెలిచినది. ముసుగు కేవలము ఎదుటివారిని మోసగించుటకే కాదు; ముఖమును నిశ్చలముగా నుంచుట అభ్యసించినవానికి మనస్సు కొంతవరకైనను ముఖమును అనుసరించుననునది నటులందరికిని తెలిసిన రహస్యము. అదే కాలమున అమెరికా మహాక్రీడాకారుడు బిల్ టిల్డెన్ మూడవ త్రోవ త్రొక్కెను. టెన్నిసులోని మనశ్శాస్త్రమనగా ఎదుటివాని మనస్సును చదువుటయేనని ఆయన తన గ్రంథములందు బోధించెను: ఎదుటివానికి ఏ బంతి అయిష్టమో, ఏ లెక్కవద్ద అతడు తొందరపడునో గమనించుచుండువానికి తన గుండెచప్పుడు వినుటకు తీరికయుండదు. బ్రాందీ, ముసుగు, పరచిత్తశోధన: రెండు బంతుల నడిమి కాలమును నింపుటకు రెండు యుద్ధముల నడిమి తరము వెదకుకొనిన మూడు వస్తువులివి.

ఈ ఆటలో ఆటగానికి సలహాదారుడు లేడనుటకు ఒక్క మినహాయింపు ఉండెడిది. వ్యక్తుల పోటీలలో శిక్షకుడు నోరు మెదపరాదను నియమము చిరకాలము సాగినను, దేశముల పోటీయగు డేవిస్ కప్పున మాత్రము జట్టు నాయకుడు కోర్టు ప్రక్కనే కూర్చుండి మాటలాడవచ్చును. ఆ డేవిస్ కప్పు పోటీలలోనే, 1966 డిసెంబరున కలకత్తా సౌత్ క్లబ్బు పచ్చికపై భారతదేశమును బ్రెజిలును చెరి రెండేసి ఆటలు గెలిచి, చివరి ఆటకు రామనాథన్ కృష్ణన్, టోమాజ్ కోచ్ తలపడిరి. కృష్ణన్ తండ్రియొద్దనే విద్య నేర్చి, 1954లో వింబుల్డన్ బాలుర విభాగమును గెలిచి, 1960, 61లలో అచటనే సెమీఫైనల్సునకు చేరినవాడు. బలముకంటె లాఘవమున ప్రసిద్ధుడు. ఆనాడు అతడు 3-6, 6-4, 10-12తో వెనుకబడి, నాలుగవ సెట్టున 2-5 వద్ద ఓటమి అంచుననుండెను. అక్కడినుండి వరుసగా ఐదు గేములు గెలిచి 7-5తో ఆ సెట్టును, 6-2తో చివరి సెట్టును సాధించి, మొట్టమొదటిసారి భారతదేశమును డేవిస్ కప్పు తుదిపోరునకు చేర్చెను. మృదువైన ఆటగలవారిని గూర్చి, వీరికి పోరాటశక్తి తక్కువయని తేలికగా అనుట మనవారికి అలవాటు. ఓటమి ముంగిట దెబ్బ వేగమును పెంచక, తొందరపడి గీతలను వెదుకక, ఎప్పటి ఆటనే ఎప్పటివలె ఆడగలుగుట ధైర్యమునకు ఒక రూపమనియు, బహుశః దుర్లభమైన రూపమనియు ఆ సాయంకాలము తెలిపినది.

ఇంతలో ఆటయే మారి, భయమునకు క్రొత్త ఆయుధమొకటి సమకూడెను. సెట్లు 10-12, 14-16 అని అంతులేక సాగుట సహింపని జిమ్మీ వాన్ ఆలెన్ అను అమెరికను చిరకాలము వాదించి కల్పించిన టై బ్రేకును 1970లో యు.ఎస్. ఓపెనున ప్రవేశపెట్టిరి. ఆనాటి నియమమున తొమ్మిది పాయింట్లలో ఐదు గెలిచినవానిదే సెట్టు. లెక్క 4-4 అయినచో ఒక్క పాయింటుతో ఇద్దరికిని తేలిపోయెడిది. టై బ్రేకు నడచుచున్న కోర్టుపై ఎఱ్ఱజెండా ఎగురవేయుచుండిరనిన, ఆ క్షణముల స్వభావమును నిర్వాహకులే ఎంతగా ఎరిగియుండిరో తెలియును. మరుసటి ఏడు వింబుల్డన్ కూడ, కొంత మృదువైన రూపమున, దానిని స్వీకరించెను. ధైర్యము కొరకు బ్రాందీతోను ముసుగుతోను సరిపుచ్చుకొను కాలము గతించెను.

సరిగా ఆ సమయముననే, 1974లో, టిమొతీ గాల్వే అను శిక్షకుడు టెన్నిసు అంతరంగమును గూర్చి ఒక చిన్న పుస్తకము ప్రచురించెను. హార్వర్డు జట్టునకు నాయకత్వము వహించిన ఈతడు బాల్యమున జాతీయ పోటీలో గెలుపు బంతివద్ద అతిసులభమైన వాలీని తప్పి, ఆ తప్పును చిరకాలము మోసినవాడు. భారతదేశమునుండి అమెరికాకు పోయిన యువగురువు ప్రేమ్ రావత్ బోధనల ప్రభావమున ధ్యానమభ్యసించి, ఆ పుస్తకమును తన తల్లిదండ్రులతోపాటు ఆయనకును అంకితమిచ్చెను. గాల్వే చెప్పినది స్థూలముగా ఇది: ఆటగానిలో ఇద్దరుందురు, ఒకడు ఆజ్ఞలిచ్చుచు, తప్పులెన్నుచు, నిందించుచు ఎడతెగక మాటలాడువాడు, మరియొకడు మాటలేక పనిచేయువాడు. చేయిని చెడగొట్టునది మొదటివాని వాగుడు. వానిని "మాటలాడకు" అని గద్దించినచో గద్దించువాడును వాడే యగును గనుక, వానికి చిన్న పని యొకటి అప్పగింపవలెను: బంతిపైనున్న కుట్టుగీతలను చూడుమనుట, అది నేలను తాకినప్పుడొక మాట, రాకెట్టును తాకినప్పుడొక మాట మనస్సులో అనుకొనుమనుట.

మన అవధానులకు ఈ సూక్ష్మము తరతరములుగా తెలిసినదే. ఎనమండుగురు పృచ్ఛకులు ఎనిమిది వైపులకు మనస్సును లాగుచుండ, వారిలో అప్రస్తుత ప్రసంగి అనువాడు కేవలము చెదరగొట్టుటకే నియుక్తుడైయుండ, అవధాని వానిని వెడలగొట్టడు. నవ్వి, ఒక చమత్కారపు సమాధానము పారవేసి, తన పాదమునకు మరలిపోవును. అప్రస్తుత ప్రసంగిని సభలో లేకుండ చేయుట అవధానము కాదు. వాడుండగనే పద్యము పూర్తిచేయుటయే అవధానము. గాల్వే మొదటివానిని, మన అప్రస్తుత ప్రసంగిని ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టినచో ఒకరినొకరు గుర్తుపట్టుదురని నేననుకొందును.

గాల్వే పుస్తకము వెలువడిన మరుసటి సంవత్సరమే వింబుల్డన్‌కు కుర్చీలు వచ్చెను. ఆ కుర్చీలలో ఒకదానిపై, జులై 5వ తేదీన, ఆర్థర్ ఆష్ కన్నులు మూసికొని కూర్చుండెను. ఎదుట జిమ్మీ కానర్స్, 22 సంవత్సరములవాడు, క్రిందటి యేటి విజేత, ప్రపంచమున మొదటి స్థానమువాడు. ఆష్‌కు 32వ ఏడు నడచుచుండెను. అంతకుముందు కానర్స్‌తో ఆడిన మూడు ఆటలును ఓడియుండెను. పందెములు కాయువారు అతని పక్షమున లేరు. ఇట్టి స్థితిలో అతడు చేసిన మొదటి పని, తన స్వభావమునకే సెలవిచ్చుట. బలమైన దెబ్బలకు పేరుపడినవాడు, ముందునాటి రాత్రి మిత్రులతో కూర్చుండి ఆలోచించి, బలమిచ్చినచో దానినే మరలించి కొట్టు కానర్స్‌కు ఏ బలమును ఇయ్యరాదని నిశ్చయించెను: మెత్తగా, తక్కువ ఎత్తున, ముందుకు లాగుచు, పైనుండి దాటించుచు ఆడుట. మరునాడు మొదటి రెండు సెట్లు 6-1, 6-1. మూడవది కానర్స్ 7-5తో గెలువగా, ఎవరికైనను ఆ క్షణమున పాత అలవాటు పిలుచును. భయపడినవాడు తాను పుట్టి పెరిగిన ఆటలోనికి పారిపోవును. ఆష్ పారిపోలేదు. వైపు మారిన ప్రతిసారియు కుర్చీలో కూర్చుండి, చేతులు వదులుగా విడిచి, కనురెప్పలు దించి, శిలాప్రతిమవలె ఉండెను. వేలమంది చూచుచుండ ఒక మనిషి నిశ్చలముగా ఊపిరి తీసికొనుచుండుట అచటివారికి క్రొత్త దృశ్యము. నాలుగవ సెట్టు 6-4తో ముగిసి, వింబుల్డన్ పురుషుల కిరీటమును పొందిన మొదటి నల్లజాతీయుడుగా అతడు చరిత్ర కెక్కెను.

ఆ నిశ్చలత్వము ఒక్క రాత్రిలో పుట్టినది కాదు. వర్జీనియా రాష్ట్రపు రిచ్మండ్ నగరమున, తెల్లవారి కోర్టులలో అడుగిడుటకు నల్లపిల్లలకు అనుమతి లేని దినములలో ఆష్ పెరిగెను. అతనికి శిక్షణమిచ్చిన డాక్టర్ రాబర్ట్ వాల్టర్ జాన్సన్ తన శిష్యులకు ఫోర్‌హాండు నేర్పుటకు ముందే నిగ్రహము నేర్పెను: అంపైరుతో వాదింపరాదు, రాకెట్టు విసరరాదు, గీతకు రెండంగుళములు ఆవల పడిన బంతినైనను లోపలనే పడినదనుకొని ఆడవలెను. ఎందుకనగా కోపపు రేఖ ఒకటి కనబడినచో చాలును, వారిని పోటీనుండి వెడలగొట్టుటకు నిర్వాహకులకు నెపము దొరకును. తెల్లదొరలు అలంకారముగా ధరించిన నిగ్రహమును ఈ పిల్లలు ప్రాణావసరముగా అభ్యసించిరి. కిప్లింగ్ పద్యపు వాకిటి క్రిందుగా ఎందరో నడచివచ్చిరి గాని, ఆ పాదముల వెలను అంతగా చెల్లించి వచ్చినవారు కొద్దిమందియే.

ఆ పిమ్మటి కాలము శాస్త్రజ్ఞులది. 1980 ప్రాంతములందు జిమ్ లోయర్ అను అమెరికను మనశ్శాస్త్రవేత్త మేటి ఆటగాండ్ర పోటీల చిత్రములను ముందువేసికొని, బంతి ఆడుచున్నప్పటి భాగములను విడిచి, అందరును చూడక వదలివేయు నడిమి భాగములను మాత్రమే పరిశీలించెను. గొప్పవారందరును, తమకు తెలియకయే, ఒకే క్రమమును పాటించుచుండిరని ఆయన కనుగొనెను: పాయింటు ముగిసినంతనే భుజములు నిలిపి తిరిగిపోవుట, పిమ్మట రాకెట్టు తీగలవంక చూచుచు ఊపిరి నింపాదిగా విడుచుట, పిమ్మట రానున్న బంతిని తలంచుట, చివర బంతిని ఇన్నిసార్లు తట్టుటవంటి మారని తంతు. క్రింది తరగతివారి చిత్రములలో ఈ క్రమము కనబడలేదు. ఈ వ్యవధిని ఆయన 16 క్షణముల చికిత్సయని పిలిచెను. రఫాయెల్ నాదల్ కుర్చీ ముందు రెండు నీళ్ళసీసాలను, వాని చీటీలు తానాడబోవు వైపునకు తిరిగియుండునట్లు, అంగుళము తేడాలేక నిలుపుట చూచి నవ్వినవారెందరో. చుట్టునున్న వస్తువుల క్రమమునుండి లోపలి క్రమము కొరకు చేయు ప్రయత్నమని నాదలే దానిని వివరించెను. సంధ్య వార్చువాడు పంచపాత్రను ఉద్ధరిణిని చోటు తప్పక పెట్టుకొనుట చూచిన మనకు అది అంత వింతగా తోచదు. 2018లో యు.ఎస్. ఓపెనున కోర్టు ప్రక్కనే 25 క్షణముల గడియారము నిలిపిరి. లెంగ్లెన్ నాడు ఎవరును లెక్కింపని నడిమి కాలము నేడు అంకెలలో వెలుగుచు తరుగుచుండును.

శాస్త్రమెంత పెరిగినను భయము సమసిపోలేదని 1993 వింబుల్డన్ తెలిపినది. చెకొస్లొవేకియాలో పుట్టిన యానా నొవోత్నా స్టెఫీ గ్రాఫ్‌పై మూడవ సెట్టున 4-1 ఆధిక్యముతో, 40-30 వద్ద సర్వీసు చేయుచుండెను. ఒక్క పాయింటుతో 5-1. మొదటి బంతి తప్పెను. రెండవ బంతి గీతను దాటి చాల ఆవల పడెను. ఆ డబుల్ ఫాల్టు పిమ్మట ఆమె ఒక్క గేమును గెలువలేదు. సెట్టు 6-4తో గ్రాఫ్‌దాయెను. బహుమతులిచ్చు సమయమున కెంట్ డచెస్ భుజముపై తలవాల్చి ఆమె ఏడ్చిన చిత్రము లోకమంతయు చూచినది. 1997లో మరల తుదిపోరున ఓడెను. 1998లో, 29 సంవత్సరముల వయస్సున, నతాలీ తోజియాపై 6-4, 7-6తో గెలిచి, అదే చేతులనుండి ఆ పళ్ళెరము నందుకొనెను. ఆమె 2017లో మరణించినప్పుడు ఎల్లరును మొదట తలంచినది ఆ కన్నీటి చిత్రమునే. నాకు మాత్రము ఆమె ధైర్యము నడిమి ఐదేండ్లలో కనబడుచున్నది. అదే పచ్చికకు ఏటేట వచ్చి, అదే గీతయొద్ద, అదే రెండవ బంతిని తట్టుచు నిలుచుండుట సామాన్యము కాదు.

మన హైదరాబాదును ఇట్టి రెండవ బంతిని ఎరుగకపోలేదు. 2005 ఫిబ్రవరిలో ఆ నగరమున జరిగిన అంతర్జాతీయ పోటీ తుదిపోరునకు 18 సంవత్సరముల సానియా మీర్జా చేరినది. పరాయి ఊరిలో ఓడినచో విమానమెక్కి రావచ్చును. సొంత ఊరిలో ఓడినచో పాలవానికి మొదలు బంధువులవరకు సమాధానము చెప్పవలెను. మొదటి సెట్టు 6-4తో గెలిచి, రెండవది 5-7తో జారవిడిచి, మూడవది 6-3తో నిలుపుకొని, ఆ స్థాయి పోటీలో ఏకాంగ విభాగమును గెలిచిన తొలి భారతీయ మహిళ యాయెను.

ఇటీవలి కాలమున మరియొక మార్పు వచ్చినది. 2012లో మార్డీ ఫిష్ అను అమెరికను యు.ఎస్. ఓపెనున రోజర్ ఫెడరర్‌తో ఆడవలసిన దినముననే ఆట మానుకొని, అందుకు కారణము తన తీవ్రమైన ఆందోళనయేయని పిమ్మట బహిరంగముగా చెప్పెను. 2021లో నవోమీ ఒసాకా ఫ్రెంచి ఓపెనునుండి తప్పుకొనుచు తన మనోవేదనను దాచుకొనలేదు. కొందరు మందలించిరి; కాని 1921లో లెంగ్లెన్‌ను ఎగతాళి చేసినట్లు వీరిని ఎగతాళి చేయుటకు లోకమునకు నోరు రాలేదు. నూరేండ్లలో ఇంతమాత్రము సభ్యత పెరిగినది.

గోర్ నాటి ఆటగానికిని నేటి ఆటగానికిని గుండె ఒక్కతీరుగనే కొట్టుకొనును. రెండవ బంతి ఒక్కతీరుగనే బరువెక్కును. మారినది భయము పట్ల మర్యాద మాత్రమే. మొదటివారు దానిని వాకిటనే నిలువబెట్టిరి. లెంగ్లెన్ దానికి బ్రాందీ పోసినది. విల్స్ దాని ముఖముపై ముసుగు వేసినది. ఆష్ దానిని తనతోపాటు కుర్చీలో కూర్చుండబెట్టుకొని కన్నులు మూసికొనెను. నేడు వైపు మారునప్పుడు ఆ కుర్చీలో 90 క్షణములు కూర్చుండవచ్చును. తలపై తువాలు కప్పుకొనిన ఆటగాడు ఏమి తలంచుచున్నాడో మనకు తెలియదు. తెలియవలసిన అవసరమును లేదు. అంపైరు "టైమ్" అనును. తువాలు కుర్చీపై మిగులును. ఆటగాడు లేచి, గీత యొద్దకు పోయి, బంతిని నేలపై తట్టును.